యజమాని ఎవరో తేలలేదు

ఆ ఎండాకాలం వచ్చేదాకా, పని చేసేచోట నాన్న, బాబాయ్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను వినలేదు. వాళ్లు అద్దాలు బిగించేవాళ్లు. ఇళ్ల కిటికీలు, ఆఫీసుల తలుపులు, దుకాణాల ముందుండే నిలువెత్తు పలకలు, అన్నీ చేసేవాళ్లు. పెద్ద పలకను ఇద్దరు మనుషులు చెరో అంచూ పట్టుకుని నిలువుగా మోసుకుపోవాలి. మిగతా పనివాళ్లయితే "ఎత్తు, ఆగు, మెట్టుంది చూసుకో, దించు" అని అరుచుకుంటూ మోస్తారు. వీళ్లకు ఆ అవసరం ఉండేది కాదు. నాన్న గట్టిగా ఊపిరి తీసుకుంటే బాబాయ్ చేతులు లేచేవి. అవతలివాడి అడుగు ఎటు పడుతోందో చేతిలో బరువే చెబుతుందనేవాడు బాబాయ్. కొత్తగా చూసినవాళ్లు ఇద్దరికీ మాటల్లేవేమో, పోట్లాడుకున్నారేమో అనుకునేవారు.

మా వీధిలో ఇద్దరినీ కలిపి అద్దాలవాళ్లు అనేవారు. పని ఉండి వచ్చినవాళ్లకు ఎవరు ఎదురైతే వాళ్లే అద్దాలవాళ్లు. ఇంట్లో ముందు గది మాది, వెనక గది బాబాయ్‌దీ పిన్నిదీ, వంటిల్లు ఒక్కటే. అమ్మ పోయేనాటికి నాకింకా ఊహ తెలియదు. నన్ను పెంచింది పిన్ని. వాళ్లకు పిల్లల్లేరని ఎవరైనా జాలిపడితే పిన్నికి ఒళ్లు మండేది. "మరి ఇదెవరు, అద్దెకు తెచ్చుకున్నామా?" అని నా వీపు మీద ఒకటి చరిచి చూపించేది.

ఆ ఏడే నా డిగ్రీ పూర్తయింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే కాబట్టి, అచ్చులో ఉన్నదేదైనా చదవడానికి నా దగ్గరికే వచ్చేది. మందు సీసా మీద రాసింది, కరెంటువాళ్ల నోటీసు, అద్దాలు కోసే కొత్త కట్టరు డబ్బాలో మడిచి పెట్టిన కాగితం. బాబాయ్ నన్ను ఆడిటరు గారూ అని పిలిచేవాడు. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ ఆ పిలుపు మాత్రం ముందే వచ్చేసింది.

అప్పుడే ఊరి చివర ఒక కంపెనీ పెద్ద మేడ కడుతూ, అద్దాల పని మొత్తం నాన్నావాళ్లకే ఇస్తామంది. అంత పని వాళ్ల చేతికి ఎన్నడూ రాలేదు. కాకపోతే ఒక షరతు పెట్టింది. సొంతంగా చేతిపని చేసుకునేవాళ్లయినా సరే, పన్నుల శాఖలో నమోదై నంబరు తెచ్చుకుంటేనే పని ఇస్తారు. కంపెనీ గుమస్తా ఈ సంగతి చెబుతున్నంతసేపూ నాన్న బుద్ధిగా తలూపి, చివర్లో "అలాగేనండి" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాళ్లు ఏం చెప్పినా నాన్న నోట ముందు ఆ మాటే వచ్చేది. ఇంటికొచ్చాక బాబాయ్ నాన్న గొంతుతో దాన్ని అనుకరించి నవ్వించేవాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి గడిలోనే యజమాని పేరు అడిగారు.

నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తమ్ముడి పేరు రాయమన్నాడు. పెద్దవాడివి నువ్వుండగా నా పేరేంటని బాబాయ్ అడ్డం పడ్డాడు. చెయ్యి తిరిగినవాడు వాడేనని నాన్న, నేర్పింది ఎవరని బాబాయ్. ఇద్దరి పేర్లూ పెట్టే దారి ఉంది గానీ అది వేరని నేను చెప్పాను. భాగస్వాములమని ఒప్పంద పత్రం రాయించుకోవాలి, దానికి లాయరు, వేరే ఖాతా, వేరే దరఖాస్తు. అంతవరకూ కంపెనీ ఆగేట్టు లేదు. ఇద్దరూ మళ్లీ నీదంటే నీదని మొదలుపెట్టారు.

"పెద్దాయన పేరు రాసి పారెయ్యవే" అంది పిన్ని. "కూరలు చల్లారిపోతున్నాయి."

నాన్న పేరు రాశాను.

కొద్దిరోజులకు శాఖ నుంచి ఒకాయన ఇంటి పక్కనున్న మా షెడ్డుకు తనిఖీకి వచ్చాడు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు, ఆయన యజమాని ఎవరని అడిగాడట. నాన్న చేతిలోని గుడ్డ కింద పెట్టి, మర్యాదగా బాబాయ్‌ని చూపించి, పనంతా వాడిదేనండి అన్నాడట. బాబాయ్ కంగారుగా చేతులు తుడుచుకుని, అబ్బే, మా అన్నయ్యదేనండి, నాకేం తెలుసన్నాడట. కొత్తవాళ్ల ముందు నాదీ అని చెప్పుకోవడం ఆ ఇద్దరికీ చేతకాదు. ఒకరిని ఒకరు పొగుడుకుంటూ, ఆయన్ని ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ తిప్పారు. నేను టీ తెచ్చేసరికి ఆయన కలం మూసి జేబులో పెట్టుకుంటున్నాడు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. కింద ఎర్ర సిరాతో, యజమాని ఎవరో తేలలేదు, అని రాసి ఉంది.

అది చదివి వినిపిస్తే పిన్ని నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"ఇక ఈ ఇంట్లో నా మాటే చెల్లుతుంది" అంది. "మగాళ్లెవరూ యజమానులు కారని సర్కారే తేల్చేసింది."

మేం నలుగురం కలిసి అంతగా నవ్వింది ఆ రోజే. ఆ తర్వాత నవ్వలేదని కాదు, నలుగురం కలిసి నవ్వలేదు.

ఇద్దరూ ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వాలని కబురొచ్చింది. ముగ్గురం వెళ్లాం. నాన్న, బాబాయ్ ఉతికిన చొక్కాలు వేసుకుని, పరీక్షకు వచ్చిన పిల్లల్లా కుర్చీ అంచుల మీద కూర్చున్నారు. ఆ గది కిటికీ అద్దం పగిలి, టేపు అంటించి ఉంది. బాబాయ్ దానికేసి చూసి, ఎవరు బిగించారోగానీ అంచుల్లో పుట్టీ సగమే పట్టించారని నా చెవిలో అన్నాడు. అధికారిణి మంచి మనిషే. మంచినీళ్లు తెప్పించి, మమ్మల్ని కసురుకోకుండా ఓపికగా మాట్లాడింది.

"ఈయన మీకేమవుతారు?" అని నాన్నను అడిగింది.

"తమ్ముడండి."

"ఇంట్లో సంగతి కాదండీ. పనిలో ఏమవుతారు?"

నాన్నకు ప్రశ్న అర్థం కాలేదు. పనిలోనూ తమ్ముడేనన్నాడు. ఆవిడ నవ్వి, విడమరిచి చెప్పింది. ఆయన భాగస్వామి అయితే ఈ దరఖాస్తు చెల్లదు. ఒప్పందం రాయించుకుని మళ్లీ మొదటినుంచి రావాలి, ఎండాకాలం గడిచిపోతుంది. మీ దగ్గర పనిచేసే మనిషైతే ఆ మాట చెప్పండి, ఈ వారంలోనే నంబరు వస్తుంది. నాన్న నావైపు చూశాడు. అమ్మాయి కాదు, మీరే చెప్పాలంది ఆవిడ. బాబాయ్ మోచేత్తో నాన్నను పొడిచాడు.

"చెప్పెయ్యన్నయ్యా. మాటే కదా."

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నా దగ్గర పని చేస్తాడండి."

"నెల జీతమా, రోజు కూలా?"

నాన్న కాసేపు టేబులు మీదున్న గాజు పలకనే చూస్తూ ఉండిపోయాడు. "రోజు కూలి" అన్నాడు. ఆవిడ టైపు చేసింది. నాన్న సంతకం కింద బాబాయ్ కూడా పెట్టాడు, పనివాడు అని రాసి ఉన్న చోట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబాయ్ ఊరుకోలేదు. "అయ్యగారూ, రేపు నాకు కడుపునొప్పి వచ్చేట్టుంది. సెలవిస్తారా?" అన్నాడు. నాన్నకు నవ్వొచ్చింది. నవ్వి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

మేడ కట్టేచోట రెండు గేట్లుండేవి. నంబరున్న కాంట్రాక్టర్లకు ఒకటి, పనివాళ్లకు ఒకటి. వాళ్లకు తెల్ల హెల్మెట్లు, వీళ్లకు పసుపువి. పనివాళ్లను లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ జేబులు తడిమి చూసేవారు. మొదటిరోజు నాన్న అలవాటుగా బాబాయ్ వెంట పనివాళ్ల గేటుకే నడిచాడట. "సార్, మీరు అటు" అని కాపలావాడు ఆపితే, ఆ సార్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడట. బాబాయ్ ఇంటికొచ్చి ఇదంతా నటించి చూపించాడు. పిన్ని సగం నవ్వి ఆపేసింది.

మధ్యాహ్నం కాంట్రాక్టర్లు ఫ్యాను కింద రేకుల గదిలో తినేవాళ్లు, పనివాళ్లు మెట్ల కింద నీడలో. నాన్న క్యారేజీ పట్టుకుని మెట్ల కిందికే వెళ్లేవాడు. తెల్ల హెల్మెట్ కనపడగానే అక్కడి వాళ్లంతా ముద్ద నోట్లో ఉండగానే లేచి నిలబడేవాళ్లు. కూర్చోండయ్యా అని నాన్న ఎంత చెప్పినా వినేవారు కాదు. కొన్నాళ్లు చూసి బాబాయే అన్నాడు, నువ్వక్కడే తినన్నయ్యా, పాపం వీళ్లకు అన్నం సహించడం లేదని. మర్నాటి నుంచి పిన్ని ఒక్క క్యారేజీని రెండు చేసి కట్టింది.

బిల్లులు రాసే పని నాది కాబట్టి సంతకాల కోసం అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లేదాన్ని. నేను వెళ్లిన ఒక మధ్యాహ్నం ముఖద్వారానికి అద్దం నిలబెడుతున్నారు. ఆ మేడ మొత్తంలో అదే పెద్ద పలక. ఫ్రేముకు పూసిన జిగురు ఆరిపోయేలోగా దాన్ని కూర్చోబెట్టాలి. పలక చెక్క స్టాండు మీద సిద్ధంగా ఉంది. నాన్న ఒక అంచు దగ్గర చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డాడు. రెండో అంచు దగ్గర ఎవరూ లేరు. భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్లిన బాబాయ్, తిరిగి రావడానికి గేటు దగ్గర వరసలో ఇరుక్కుపోయాడు. ముందున్న ఒక్కొక్కడి జేబులూ తడిమి పంపుతున్నారు.

ఇంజినీరు వచ్చాడు. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడై ఉంటాడు. చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది. అతన్ని పైవాళ్లు ఏమన్నారో, వచ్చీ రావడంతోనే ఆలస్యమెందుకని నాన్న మీద పడ్డాడు.

"మావాడు గేటు దగ్గర ఉండిపోయాడండి" అన్నాడు నాన్న.

అంతలో బాబాయ్ పరుగున వచ్చాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా తొడుగులు వేసుకుని తన అంచు పట్టుకున్నాడు. ఇంజినీరు అతనివైపు చూడలేదు. నాన్నతోనే మాట్లాడాడు.

"మీ పని బాగుందండీ. పక్క మేడ కూడా మీకే ఇప్పిద్దామని చూస్తున్నాను. కానీ ఇలాంటి మనుషులను పెట్టుకుంటే సాగదు. ఇతన్ని మార్చెయ్యండి."

"అలాగేనండి" అన్నాడు నాన్న.

ఇంజినీరు వెళ్లిపోయాడు. జిగురు ఆరిపోతోంది. నాన్న గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. అద్దం కదల్లేదు. బాబాయ్ చేతులు అంచు మీదే ఉన్నాయి. అద్దంలోంచి అన్నయ్యను చూస్తున్నాడు. కోపంగా కాదు. పనివాడు మేస్త్రీ మాట కోసం చూసినట్టు చూస్తున్నాడు. నాన్న ఇంకోసారి ఊపిరి తీసుకున్నాడు.

చివరికి "ఎత్తు" అన్నాడు.

బాబాయ్ ఎత్తాడు.

"మెట్టుంది."

"ఆఁ."

"దించు."

దించాడు. అద్దం మీద ఒక్క గీత కూడా పడలేదు. ఆ మేడలో దానంత నిండుగా కూర్చున్న పలక ఇంకొకటి లేదని తర్వాత అందరూ అన్నారు. నేను బిల్లుల మీద సంతకాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం నాన్న వెనక గది గడప దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. బాబాయ్ లోపల మంచం మీద ఉన్నాడు. ఈ కొత్త పుట్టీ త్వరగా పొడిబారుతోందని నాన్న అన్నాడు. నూనె తక్కువ కలుపుతున్నారని బాబాయ్ అన్నాడు. దుకాణం మార్చాలన్నాడు నాన్న. మారుద్దామన్నాడు బాబాయ్. ఇంకేదో రావాలన్నట్టు నాన్న కాసేపు చేతులు నలుపుకుంటూ కూర్చుని, లేచి వచ్చేశాడు.

పిన్ని నన్ను వంటింట్లోకి లాగి ఏమైందని అడిగింది. చెప్పాను.

"అన్నాడా?"

"అలవాటుకొద్దీ అన్నాడు పిన్నీ. నాన్న సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసులే" అంది. అప్పుడే తోమి బోర్లించిన గిన్నెను మళ్లీ తీసి తోమడం మొదలుపెట్టింది.

బాబాయ్ మర్నాడు పనికి వెళ్లాడు. ఆ తర్వాతా వెళ్లాడు. ఒక్కరోజు మానలేదు, ఒక్క అద్దం పగలగొట్టలేదు. ఆఖరి కిటికీ బిగించేదాకా చెప్పిన పనల్లా చేశాడు. చెప్పనిది మాత్రం చెయ్యలేదు. వాళ్ల మధ్య ఇప్పుడు ఎత్తు, దించు, ఆగు అన్నీ వచ్చాయి. జోకులు పోయాయి. నాన్న తిండి తగ్గించాడు. వాడిని ఏమైనా అడగనా అని ఒకసారి నన్నే అడిగాడు. అడుగు నాన్నా అన్నాను. రేపు అడుగుతానన్నాడు.

మేడ పని ముగిసింది. మబ్బులు పట్టడం మొదలైంది. నేను వెనక మెట్ల మీద కూర్చుని ఉద్యోగ ప్రకటనలు చూస్తుంటే బాబాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆడిటరు గారూ, నాక్కూడా ఒక నంబరు తీయించిపెట్టాలి."

ఎందుకని అడిగాను, తెలిసే.

"నా పేరు మీద. విడిగా."

"బాబాయ్, నాన్న ఆ మాట..."

"నాకు తెలియదా ఏంటే? ఆ మాట ఆయన నోటికి ఊరికే వస్తుంది. ఇన్నేళ్లూ దాన్ని పట్టుకుని ఏడిపించింది నేనే." అరచేతుల మీది పాత కోతల గుర్తులు చూసుకున్నాడు. "నా చెవిలోంచి మాత్రం పోవడం లేదమ్మా. ఏం చెయ్యను?"

నేను ప్రకటనల కాగితం మడిచి పక్కన పెట్టాను.

"పైగా పక్క మేడ పని ఉంది. మనిషిని మారిస్తేనే ఇస్తామన్నారు. మీ నాన్న నన్ను తీసెయ్యగలడా? చచ్చినా తీసెయ్యలేడు. నేను పోతే ఆయన మాటా నిలబడుతుంది, పనీ దొరుకుతుంది."

పిన్ని ఏమంటోందని అడిగాను. ఏమీ అనడం లేదన్నాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నేనే తీసుకెళ్లాను. నేను కాకపోతే వీధి చివర దళారిని పట్టుకునేవాడు. అదే గది, అదే అధికారిణి. మమ్మల్ని గుర్తుపట్టలేదో, లేక గుర్తుపట్టీ ఊరుకుందో.

"ఇంతకుముందు ఈ పనిలో ఉన్నారా?"

"ఉన్నానండి."

"సొంతంగానా?"

నేను నోరు తెరవబోయాను. బాబాయ్ టేబులు కింద నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు.

"లేదండి. ఒకాయన దగ్గర రోజు కూలి చేశాను."

బయటికొచ్చాక మెట్ల మీద నేను ఏడుస్తుంటే రుమాలు తీసి ఇచ్చాడు.

"మరేం చెప్పమంటావు? మీ నాన్న ఇదే గదిలో అలా చెప్పి సంతకం పెట్టాడు. నేను ఇంకోలా చెబితే ఆయన అబద్ధమాడినట్టు అయిపోదూ?"

వాళ్లు ఊరికి అవతలి చివర ఒక గది చూసుకున్నారు. వెళ్లే రోజు పిన్ని వంటింట్లోంచి ఏదీ తీసుకోలేదు. తీసుకోమంటే, మాకు కావలసినవి కొనుక్కుంటాంలే అంది. గ్యాసు పొయ్యి దగ్గరికి నన్ను పిలిచి, ఎడమ పక్కది ఒక పట్టాన అంటుకోదు, కాస్త లోపలికి నొక్కి తిప్పమంది. తిప్పి చూపించింది. నన్ను కూడా తిప్పి చూపించమంది. మంట వచ్చాక ఆర్పేసి, సరే అంది. ఇంక తను చెప్పవలసింది ఏమీ మిగల్లేదన్నట్టు కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. నాన్న ఆటోలోకి వాళ్ల ట్రంకు పెట్టె ఎక్కించాడు. అటువైపు బాబాయ్ పట్టుకున్నాడు. ఎవరూ ఎత్తమనలేదు. అయినా అది ఒక్కసారే లేచింది. నాన్న బాబాయ్ మొహంలోకి చూశాడు. బాబాయ్ అప్పటికే డ్రైవరుకు దారి చెబుతున్నాడు.

వాన మొదలయ్యాక ఒకరోజు ఇంజినీరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పక్క మేడ పని నాన్నకే ఖాయమైందని కుర్చీలో కూర్చోకముందే చెప్పాడు. మాకు శుభవార్త మోసుకొచ్చానని సంతోషంగా ఉన్నాడు.

"ఆ మనిషిని మార్చేశారు కదా? ఈసారి నిలువెత్తు పలకలే ఎక్కువ. వచ్చేవారం మొదలుపెడదాం."

నాన్న నిలబడే ఉన్నాడు. ఎప్పటిమాటే అంటాడని నేను ఎదురుచూశాను.

"పెద్ద అద్దాలు బిగించడం నాకు రాదండి" అన్నాడు.

ఇంజినీరు తమాషా అనుకుని నవ్వాడు. నాన్న నవ్వలేదు. అతను నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కాసేపటికి అతను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

వాన తగ్గాక నాన్న, ఎవరిదో స్నానాలగది కిటికీకి కోసిన చిన్న అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి, చంకలో పెట్టుకుని, ఒక్కడే బయలుదేరాడు.